నేను తుడిచేసిన చుక్క

రాజమల్లు గారు ఇక లేరన్న వార్త నాకు పొద్దున తొమ్మిదింటికి తెలిసింది. అప్పుడే ల్యాబు తాళం తీయించి, మైక్రోస్కోపు మీద కప్పిన గుడ్డ తీస్తున్నాను. ఆయన కూతురు పద్మ ఫోన్ చేసింది. "మేడం, బాపు పోయిండు. చాయ్ తాగి గోడకు ఒరిగి కూసున్నడు, గంతే," అంది. గుడ్డ నా చేతిలోనే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళకు పైగా ఈ సిద్దిపేటలో చర్మరోగుల కణజాలాన్ని కోసి, రంగులద్ది, డాక్టర్ల కళ్ళ ముందు పెట్టిన ఆ నిపుణ హస్తం నిశ్చలమైపోయిందంటే నమ్మబుద్ధి కాలేదు. పిడుగు పడ్డట్టయిందని రాయాలి ఇక్కడ. ఇలాంటి వ్యాసాల్లో అలాగే రాస్తారు.

నిజం చెప్పాలంటే, నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు. రెప్పపాటు సేపు ఊరట కలిగింది. ఆ సంగతి తెలిసిన మనిషి ఇక లేడు అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఈ వరస మార్చి రాయడానికి మనసొప్పక ఉన్నదున్నట్టు మొదలుపెడుతున్నాను. ఆయన జ్ఞాపకార్థం చిన్న సంచిక వేస్తున్నామని, సారు గురించి నాలుగు మాటలు రాయమని ఇక్కడి టెక్నీషియన్లు నన్నడిగారు. గతించినవారి గుణగణాలు కీర్తించడం ఈ వ్యాసాల ధర్మం. రాజమల్లు గారి గుణం చెప్పాలంటే నా గుణం కూడా చెప్పక తప్పదు. చదివేవాళ్ళు క్షమించాలి అని కూడా రాయబోయాను గానీ, ఆ మాట మీద నాకు హక్కు ఉందో లేదో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఆయనది చేనేత కుటుంబం. తండ్రి మగ్గం నేసేవారు. తెగిన పోగును కంటితో కాకుండా వేలికొసతో వెతికి పట్టుకోవడం రాజమల్లు గారికి పదేళ్ళ వయసులోనే అబ్బింది. దాయాదులంతా మరమగ్గాల పనికి భివండి బాట పట్టిన రోజుల్లో ఆయన మాత్రం ల్యాబు పని నేర్చుకుని, మా పెద్ద డాక్టరు గారి దగ్గర చేరారు. చర్మం నుంచి తీసిన కందిగింజంత ముక్కను మైనపు దిమ్మలో ఒదిగించి, మిషను కత్తి మీద కోస్తే, ఉల్లిపొర కన్నా పలుచని పట్టీ వస్తుంది. దాన్ని గోరువెచ్చని నీళ్ళ మీద తేలేసి, ముడత పడకుండా గాజుపలక మీదికి ఎత్తుకోవాలి. దాన్నే స్లైడు అంటాం. మే నెలలో మా ఊరి ఎండకు మైనం మెత్తబడి కత్తికి అంటుకుపోతుంది. ఆయన ఎదురుగా ఉన్న సోడా బండి దగ్గర ఐసు ముక్క తెచ్చి, దిమ్మ మీద ఆనించి, మనసులో ఏదో లెక్క పెట్టుకుని కోసేవారు. ఆ పట్టీ ఎన్నడూ చిరగలేదు. ఎన్నడూ అని నొక్కి రాస్తున్నాను, గుర్తుంచుకోండి.

పన్నెండేళ్ళ కిందట పెద్ద డాక్టరు గారు కళ్ళు సరిగా కనబడక విశ్రాంతి తీసుకుంటే, ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. కొత్త డిగ్రీ, కొత్త బోర్డు. రాజమల్లు గారు నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. నేను ఆయన్ని "రాజమల్లూ" అని పిలిచేదాన్ని. ఆయన నన్ను "మేడం" అనేవారు. ఈ వ్యాసంలో "గారు" అని రాసిన ప్రతిసారీ నా చెయ్యి ఒక క్షణం తడబడుతోంది, ఎందుకంటే బతికుండగా ఆయన చెవిన ఆ మాట నా నోటి నుంచి ఒక్కసారీ పడలేదు.

ఆయనకొక అలవాటు ఉండేది. స్లైడు నా బల్ల మీద పెట్టేముందు తానొకసారి చూసుకునేవారు. రంగు సరిగా పట్టిందా లేదా అని చూడటం టెక్నీషియన్ పనే. ఆయన చూపు అక్కడ ఆగేది కాదు. తనకు ఎక్కడైనా అనుమానం తగిలితే, గాజు మీద ఆ చోటు పక్కన ఆవగింజంత నల్ల ఇంకు చుక్క పెట్టేవారు. పెద్ద డాక్టరు గారు చూపు మందగించిన చివరి రోజుల్లో ఆ చుక్క మీదే ఆధారపడ్డారట. ఆ చుక్కకు అర్థం "ఇక్కడ జర చూడుండ్రి" అని, అంతకుమించి ఏమీ లేదు. రోగం పేరు ఆయన నోటితో ఎప్పుడూ చెప్పేవారు కాదు. అది డాక్టరు చెప్పాల్సిన మాట అని ఆయన నమ్మకం. నాకు మాత్రం ఆ చుక్క కంట్లో నలుసులా ఉండేది. నేను చదివిన చదువుకు ఎవరో వేలు పట్టి నడిపిస్తున్నట్టు అనిపించేది.

కుష్ఠు మచ్చలను ఆయన చదివే తీరు వేరు. ఈ రోగం కలిగించే క్రిమి ఒక్కటే. మచ్చ ఏ రూపం దాల్చాలో నిర్ణయించేది మాత్రం మన ఒంట్లోని రక్షణ కణాలు. కొందరిలో పెద్ద కణాలు క్రిముల్ని మింగుతాయి గానీ చంపలేవు. కడుపు నిండా క్రిముల్ని మోస్తూ నురగలా ఉబ్బి పడి ఉంటాయి. అలాంటి స్లైడుకు రంగు వేస్తే ఎర్రని పుల్లల్లాంటి క్రిములు గుత్తులు గుత్తులుగా కనబడతాయి. ఎవరైనా గుర్తుపడతారు. మరికొందరిలో లింఫోసైట్లనే చిన్న కణాలు గుంపుగా వచ్చి, ఆ పెద్ద కణాల్ని తట్టి లేపి, అన్నీ కలిసి బిగువైన ముద్దగా కడతాయి. అక్కడ క్రిములు చస్తాయి, వెతికినా దొరకవు. కానీ ఆ క్రిమి కాపురముండేది నరంలో. పోరు జరిగేదీ నరంలోనే. క్రిమి చచ్చేలోపల నరమూ చస్తుంది. అంటే, రక్షణ గట్టిగా ఉన్నచోటే సాక్ష్యం దొరకదు, చెయ్యి మాత్రం ముందే పోతుంది.

ఇంత చుట్టు తిరిగి నేను చెప్పిన దాన్ని ఆయన మూడు ముక్కల్లో చెప్పేవారు. నేను చేరిన మొదటి నెలలోనే ఒక స్లైడు మీద గంటసేపు క్రిమి కోసం వెతుకుతుంటే, పక్కన నిలబడి అన్నారు. "మేడం, కాపలోళ్ళు గట్టిగున్న కాడ దొంగ దొరకడు. గాళ్ళు ఎవలింటి ముంగట గుమిగూడిన్రో గది సూడాలె. నరం సుట్టు గుమిగూడిన్రంటే గాడ దొంగ జొచ్చినట్టే." నేను తల ఊపి, ఆ మాట నాకు ముందే తెలిసినట్టు ముఖం పెట్టాను. పుస్తకంలో చదివానన్నది నిజమే. కంటికి ఆనింది మాత్రం ఆ రోజే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా డాక్టర్ల సమావేశంలో నన్ను ఈ విషయం మీద మాట్లాడమన్నారు. కాపలావాళ్ళు, దొంగ, ఇంటి ముందు గుంపు, అంతా చక్కగా అల్లి చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఎంత తేలిగ్గా చెప్పారమ్మా అని మెచ్చుకుని శాలువా కప్పారు. ఎవరి మాటో చెప్పలేదు. రాజమల్లు గారు హాలు వెనక, నేను చూపించే స్లైడ్లు వరసగా సర్దుతూ కూర్చుని ఉన్నారు. కిందికి దిగి వస్తుంటే ఎదురొచ్చి, "మంచిగ చెప్పిన్రు మేడం. నాక్కూడ కొత్తగ తెలిసినట్టయింది," అన్నారు. ఆ ముఖంలో వెటకారం ఏమైనా ఉందా అని నేను అప్పుడు వెతికాను. ఇప్పుడూ వెతుకుతూనే ఉన్నాను. ఆ శాలువా మా ఇంట్లో బీరువాలో ఉంది. దాన్ని నేను ఒక్క చలికాలమూ కప్పుకోలేకపోయాను.

రోగుల దగ్గర ఆయన మసలే తీరు చూసి కూడా నేను సిగ్గుపడాల్సింది, అప్పట్లో చిరాకు పడ్డాను. మన ప్రాంతంలో ఈ రోగాన్ని పేరు పెట్టి పిలవరు, పెద్దరోగం అంటారు. దాని అనుమానంతో వచ్చినవాళ్ళు మా వరండాలో కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చునేవాళ్ళు కాదు, గోడ పక్కన నిలబడేవాళ్ళు. ఆయన రెండు చాయ్‌లు తెప్పించి, ఒకటి వాళ్ళ చేతికిచ్చి, ఒకటి తాను తాగుతూ పక్కనే నిలబడేవారు. మందు మొదలుపెడితే ఇతరులకు అంటుకోదని డిగ్రీ చదివిన నాకు తెలుసు. తెలిసీ, వాళ్ళు పట్టుకున్న తలుపు గడియను స్పిరిట్ దూదితో తుడవమనేదాన్ని. ఆయన ఆ దూది తెచ్చిచ్చేవారు గానీ, తుడవడం మాత్రం ఏదో పని ఉందన్నట్టు నాకే వదిలేసేవారు.

ఆయనకు తప్పు ఒప్పుకోవడంలో ఆలస్యం తెలియదు. ఒకసారి రెండు దిమ్మల నంబర్లు తారుమారయ్యాయి. కుకునూరుపల్లి రైతు రిపోర్టు ఇంకొకరికి, ఇంకొకరిది ఆ రైతుకు వెళ్ళాయి. సాయంత్రం లెక్క సరిచూసుకుంటూ రాజమల్లు గారే పట్టుకున్నారు. మర్నాడు పొద్దున మొదటి బస్సుకే వెళ్ళి, ఆ మనిషి పొలం దగ్గరికి నడిచి పోయి, "నా తప్పు. నంబరు నేనే మార్చి ఏసిన. గా కాగితం ఇటియ్యుండ్రి," అని అడిగి తెచ్చుకున్నారట. తిరిగొచ్చి నాకూ అదే చెప్పారు, ఒక్క అక్షరం ఎక్కువా తక్కువా లేకుండా. అందుకే ఊళ్ళో ఒక నమ్మకం స్థిరపడిపోయింది, రాజమల్లు తన తప్పంటే అది తన తప్పే అని. ఆ నమ్మకాన్ని నేనెట్లా వాడుకున్నానో ఇప్పుడు చెప్పాలి.

ఏడేళ్ళ కిందటి మాట. మద్దూరు వైపు ఒక ఊరి నుంచి సత్తవ్వ అనే బీడీ కార్మికురాలి చర్మపు ముక్క వచ్చింది. పేరు మార్చి రాస్తున్నాను. కుడి మోచేతి కింద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. పంపిన డాక్టరు దూదితో తడిమి చూశారు. తెలుస్తున్నట్టూ ఉంది, తెలియనట్టూ ఉంది అన్నదట ఆమె. అందుకే అనుమానం రాసి పంపారు. రాజమల్లు గారు కోసి, రంగులు వేసి, స్లైడ్లు నా బల్ల మీద పెట్టారు. ఒకదాని మీద చుక్క ఉంది. నేను ఎర్రని పుల్లల కోసం చూశాను. లేవు. చుక్క ఉన్న చోటా చూశాను. సన్నని నరం ఒకటి, దాని చుట్టూ, కొంత దాని లోపలికీ, లింఫోసైట్లు. ఇంకా ముద్ద కట్టలేదు. నాలుగు కణాలు పోగైనంత మాత్రాన రోగమంటామా అనుకున్నాను. మామూలు చర్మపు వాపు, కుష్ఠు క్రిములు కనబడలేదు, అని రాసి సంతకం పెట్టాను.

కాగితం టైపుకు వెళ్ళేముందు ఆయన వచ్చి నిలబడ్డారు. "మేడం, గా చుక్క కాడ ఇంకొక్కపాలి సూడుండ్రి. కావాల్నంటే ఇంక కింది పొరలు కోసిస్త," అన్నారు. నేను తలెత్తకుండానే, "చూశాను రాజమల్లూ. చుక్కలు పెట్టడం మానేసి నీ పని నువ్వు చూసుకో," అన్నాను. ఆయన "సరే మేడం," అని వెళ్ళిపోయారు. ఆ రోజు నేను పది నిమిషాలు వెచ్చించి ఉంటే, కింది పొరల్లో ఏముందో తెలిసేది. నాకు ఆ పది నిమిషాలు లేక కాదు. ఆయన చెప్పాక చూడటం నాకు నామోషీ అయింది.

నా కాగితం ఆ డాక్టరు అనుమానాన్ని చంపేసింది. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. సత్తవ్వకు పూత మందులు రాశారు. ఎనిమిది నెలలకు ఆమె తమ్ముడు మా ల్యాబుకు వచ్చాడు. చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి ముడుచుకుపోయాయని, తునికాకు కత్తిరించబోతే కత్తెర జారిపోతోందని, వేలు తెగినా తెలియలేదని, హైదరాబాదులో మళ్ళీ ముక్క తీస్తే కుష్ఠేనని తేలిందని చెప్పాడు. అరవలేదు. మా రిపోర్టు మడత విప్పి బల్ల మీద పెట్టి, "మీరు లేదన్నరు గదా మేడం," అన్నాడు. రాజమల్లు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

నా నోటి నుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదని రాస్తే అబద్ధం. తెలిసే వచ్చింది. స్లైడు కోత సరిగా రాలేదని, పొర మడత పడిందని, అందువల్ల కనబడలేదని అన్నాను. ఆ తమ్ముడు గుమ్మం వైపు తిరిగాడు. రాజమల్లు గారు నన్ను చూశారు. కోపంగా చూశారా, జాలిగా చూశారా అన్నది నేను చెప్పలేను, ఎందుకంటే నేను బల్ల వైపు చూస్తున్నాను. "అవును బిడ్డా. నాదే తప్పు. నేను మంచిగ కొయ్యలే," అన్నారు ఆయన. అంతటితో అయిపోయింది. ఎవరూ మారు ప్రశ్న వేయలేదు, ఎందుకంటే రాజమల్లు తన తప్పంటే అది తన తప్పే.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నానికి వెళ్ళినప్పుడు నేను బీరువా తెరిచి, ఆ స్లైడు తీసి, స్పిరిట్ దూదితో ఆ చుక్కను తుడిచేశాను. రేపు ఎవరైనా స్లైడు అడిగితే, చూపించాల్సిన చోటు చూపించి మరీ ఆయన ఇచ్చారని తెలియకూడదని. తలుపు గడియలు తుడిచిన దూదే.

ఆ తర్వాత, పని మానుకునేదాకా, ఆయన మూడేళ్ళు మా దగ్గరే పనిచేశారు. కోతలో తేడా రాలేదు, పలకరింపులో తేడా రాలేదు. కానీ నా బల్ల మీదికి వచ్చిన ఏ స్లైడు మీదా మళ్ళీ చుక్క లేదు. నేనే వద్దన్నాను కదా. రోజూ పొద్దున స్లైడ్ల పళ్ళెం ముందుకు లాక్కోగానే నా కళ్ళు ముందుగా ఆ నల్లటి చుక్క కోసం వెతికేవి. సంశయం తగిలిన ప్రతిసారీ ఆయన్ని పిలిచి అడగాలనిపించేది. అడగలేదు. ఈ వ్యాసం రాస్తానని పద్మకు చెప్పి, జరిగిందంతా ఆమె ముందు పెట్టి అనుమతి అడిగాను. "రాయుండ్రి మేడం. గని బాపును దేవుడని రాయకుండ్రి. గాయనకు కోపం బాగ ఉండె," అంది. ఆ మూడేళ్ళ చుక్కలేని స్లైడ్లే ఆయన కోపమని నాకు అప్పుడు అర్థమైంది.

ఆయన పెద్దకర్మ రోజున వెళ్ళాను. ఇంటి ముందు టెంటు వేశారు. చుట్టాలు, పాత రోగులు, టెక్నీషియన్లు, అంతా కలిసి నిండుగా ఉన్నారు. ఆయన గురించి ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. వెనక నుంచి ఒకామె లేచింది. కొంగు చాటున ఉన్న కుడిచెయ్యి తీసి, ముడుచుకున్న ఆ రెండు వేళ్ళు అందరికీ కనబడేలా పట్టుకుంది. ఆ వేళ్ళను బట్టే సత్తవ్వ అని పోల్చుకున్నాను, ఏడేళ్ళలో ఆమెను చూడటం అదే మొదటిసారి. నేనెవరో ఆమెకు తెలియదు. నన్ను ఆమె అంతకుముందు చూసింది లేదు.

"నా చెయ్యి గిట్లయింది గీ సారు తోనే," అని మొదలుపెట్టింది. సారు తన ముక్క సరిగా కోయలేదని, ఆ సంగతి చెప్పడానికి ఆయనే వెతుక్కుంటూ తమ ఊరికి వచ్చాడని, సర్కారు దవాఖానకు దగ్గరుండి తీసుకుపోయి గోళీలు ఇప్పించాడని చెప్పింది. ఆ తర్వాత నెలకు రెండు ఆదివారాలు బస్సెక్కి వచ్చి, చెయ్యి నీళ్ళలో నానబెట్టి, నూనె రాసి, తొడ మీద ఆనించి వేళ్ళు సాపు చేయడం నేర్పాడట. మిగిలిన వేళ్ళు నిలబడ్డాయంటే అందువల్లేనట. ఆయన తనకు కీడూ చేశాడు, మేలూ చేశాడు, మేలే ఎక్కువ, ఆయన ఆత్మకు శాంతి కలగాలి, అని కూర్చుంది. ఎంత గొప్ప మనిషి, తప్పు చేసినా దిద్దుకున్నాడు, అని నా పక్కనున్నవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. నేను లేవలేదు. పిలిస్తే పంక్తిలో కూర్చుని, ఆ ఇంటి అన్నం తిని వచ్చాను.

మర్నాడు బీరువా తీశాను. ఆ సంవత్సరపు పెట్టెలో, ఆ నంబరు దగ్గర, స్లైడు ఉండాల్సిన చోటే ఉంది. ఆయన దాచనూ లేదు, పారేయనూ లేదు. పక్క అరలో మైనపు దిమ్మ కూడా భద్రంగా ఉంది. స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒక్క ముడత లేదు. నరం నిలువునా కోతకు వచ్చింది, అంత తేటగా నరం చూపించే కోత ఈ మధ్య కాలంలో నేను చూడలేదు. దాని చుట్టూ లింఫోసైట్లు, లోపలికి చొరబడ్డవి, ఒక మూల పెద్ద కణాలు రెండు మూడు ఒకదాన్నొకటి ఆనుకుని ముద్ద కట్టడం మొదలుపెట్టినవి. ఎవరింటి ముందు గుమిగూడారో ఏడేళ్ళుగా అలాగే చూపిస్తున్నాయి. కలం తీసుకుని, ఆయన పెట్టిన చోటే చుక్క పెట్టాను. నా చుక్క పెద్దదైంది, అంచులు పాకింది. ఆయన చుక్క అట్లా ఉండేది కాదు.

రాజమల్లు గారి స్థానం ఎవరూ భర్తీ చేయలేరు. ఇది మాట వరసకు అంటున్నది కాదు. ఇప్పుడు మా ల్యాబులో కొత్త మిషను ఉంది, కోత బాగానే వస్తుంది. కానీ నేను పొరబడుతున్నప్పుడు, నా పక్కన నిలబడి, నా పేరు పోకుండా నా తప్పును ఆపడానికి ఆవగింజంత ఇంకు పెట్టే మనిషి లేరు. ఆయన ఎందుకు ఒప్పుకున్నారని నన్ను నేను చాలా అడిగాను. పద్మ చెప్పిన ఒక్క మాట తప్ప నాకు ఆధారం లేదు. "చుక్క పెట్టి ఊకున్న. నోరు ఇప్పి ఇంకో మాట అనకపోతిని," అని ఎప్పుడో ఒకసారి ఇంట్లో అన్నారట. నేను నోరు మూయించాను, ఆయన అది కూడా తన తప్పుగానే రాసుకున్నారు. ఆ మహనీయుడి స్మృతికి, ముప్పై ఏళ్ళు మా ఊరి వ్యాధి నిర్ధారణకు వెన్నెముకగా నిలిచిన ఆ పనితనానికి, నేను తల వంచి నమస్కరిస్తున్నాను. ఈ నమస్కారం ఆయన అందుకుంటారని నాకు నమ్మకం లేదు.

ఇంతవరకు రాసిన కాగితాలూ, సవరించిన రిపోర్టూ పట్టుకుని పోయిన ఆదివారం సత్తవ్వ ఇంటికి వెళ్ళాను. నేనెవరో చెప్పాను. ఆమె అరుగు మీద కూర్చుని, కుడిచెయ్యి నీళ్ళ గిన్నెలో పెట్టి నానబెట్టుకుంటోంది. రిపోర్టు చదవలేనంది. ఈ వ్యాసం మొదటి నుంచి చదివి వినిపించాను. నేను ముగించాక ఆమె చెయ్యి బయటికి తీసి, కొంగుతో తుడుచుకుని, నూనె రాసుకుని, తొడ మీద ఆనించి, ముడుచుకున్న వేళ్ళను ఎడమచేత్తో ఒకటొకటిగా సాపు చేసుకుంది. తిడుతుందని, కొడుతుందని కూడా అనుకుని వెళ్ళాను. కొడితే బాగుండేది.

"నా చెయ్యి సంగతి ఇడిసిపెట్టు మేడం, అది పోనే పోయింది," అంది చివరికి. "ఇన్నేండ్లు గాయన నా ముంగట తలకాయ ఎత్తలే. నిరుడు బతుకమ్మకు నేనే అన్న, ఇగ ఇడువు సారూ, మాఫ్ చేసిన అని. గాయన రెండు చేతులెత్తి నాకు దండం పెట్టిండు. నేను పెట్టిచ్చుకున్న. ఇప్పుడు గా దండం నేను ఎవలకు వాపస్ ఇయ్యాలె?"

అని, నా జవాబు కోసం చూస్తూ కూర్చుంది.